తొమ్మిది మార్కుల పటం

ఆ ఆదివారం ఉదయం పది గంటలకు, మలేషియాలోని ఈపో పట్టణపు బాలుర పాఠశాల పై అంతస్తున, పాత కంప్యూటరు గదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో వీరు. ముందు, తెల్లగుడ్డ కప్పిన చేతుల కుర్చీలో, విశ్రాంత ఉప ప్రధానోపాధ్యాయులు శ్రీ తురైసింగం, వయసు ఎనభై నాలుగు. ఆయనకు కుడివైపు జిల్లా అధికారి, ‘దాతో’ బిరుదు పొందిన షహరుద్దీన్, పూర్వవిద్యార్థుల సంఘానికి అధ్యక్షుడు. ఎడమవైపు న్యాయవాది సర్వన్ సింగ్, సంఘానికి కార్యదర్శి. వెనక వరుసలో ఒంటరిగా, ఆరేళ్ల క్రితం కన్నుమూసిన పూర్వవిద్యార్థి నథానియెల్ భార్య జోసెఫీన్. చిట్టచివర, గోడవార, పనిముట్ల సంచి పక్కన పెట్టుకొని నేలమీద, రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే ఫూంగ్ వాయ్ కియోంగ్.

నిజానికి అందరికన్నా ముందు వచ్చినవాడు వాయ్ కియోంగే. ఏడింటికే వచ్చి, ఏళ్లుగా మూలపడి ఉన్న పాత కంప్యూటరును విప్పి, దుమ్ము దులిపి, రెండు భాగాలు మార్చి, దానికి మళ్లీ ప్రాణం పోసినవాడు అతడే. అయినా చివర కూర్చోవడం అతడికి అలవాటు. చివర కూర్చోబెట్టడం మిగిలినవారికి అలవాటు.

తురైసింగం గారి ఒళ్లో తోలు ఫైలు ఉంది. ఫైలులో గోధుమరంగు కవరు, కవరులో నాలుగు మడతలు పెట్టిన ఒక గ్రాఫు కాగితం. ఆ కాగితం వాయ్ కియోంగ్‌ది. దాన్ని ఇవాళ అందరి ఎదుట అతడికి తిరిగి ఇచ్చి, అది తన దగ్గర ఎందుకు ఉన్నదో చెప్పాలనే నిర్ణయంతోనే ఆయన ఇంటి నుంచి బయలుదేరారు. మెట్లెక్కేటప్పుడు ఆ నిర్ణయం గట్టిగానే ఉంది. గదిలోకి అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడి, “గుడ్ మార్నింగ్ సార్” అని బడిపిల్లల రాగంతో అన్నప్పుడు అది కొంత సడలింది.

పందొమ్మిది వందల ఎనభై ఆరులో, తల్లిదండ్రులు వేసిన చందాలతో ఆ పాఠశాలకు ఆరు కంప్యూటర్లు వచ్చాయి. వాటితో పిల్లలకు లెక్కలు నేర్పాలని తురైసింగం గారి సంకల్పం. పిల్లలు నేర్చుకున్నది వేరు. పదకొండో తరగతి చదువుతున్న నలుగురు, షహరుద్దీన్, సర్వన్, నథానియెల్, వాయ్ కియోంగ్, ఎక్కడినుంచో ఒక ఆట డిస్కు సంపాదించారు. నల్లని తెర మీద ఆకుపచ్చ గీతలతో గీసిన నేలమాళిగ. అందులో ఎముకల గూళ్లు, విషపు సాలీళ్లు, తాళం వేసిన నిధులు. ఆడేవారు తలా ఒక సాహసిని తయారు చేసుకొని, అందరినీ ఒక జట్టుగా కూర్చి, మెట్లు దింపి చీకట్లోకి పంపాలి. ఆ ఆటలో జాలి తక్కువ. దారి చూపే పటాన్ని యంత్రం ఇవ్వదు. అడుగులు లెక్కపెట్టుకుంటూ ఆడేవారే గ్రాఫు కాగితం మీద గడి గడిగా గీసుకోవాలి. జట్టు నేలమాళిగలో ఉండగా ఆట తెగిపోతే, ఆ జట్టు ఆగినచోటే ఉండిపోతుంది. దాన్ని బయటికి తేవాలంటే మరొక జట్టు అదే దారిన నడిచి ఆ గడి దాకా చేరుకోవాలి.

ఆ ఏడు జూలై పదకొండు, శుక్రవారం. మధ్యాహ్నపు పెద్ద విరామంలో షహరుద్దీన్ మసీదుకు వెళ్లాడు. సర్వన్ హాకీ మైదానంలో ఉన్నాడు. నథానియెల్ ఎప్పటిలాగే ఆలస్యం. మారుతాళంచెవితో గది తెరిచి వాయ్ కియోంగ్ ఒక్కడే జట్టును నడుపుతుండగా, ఆనాడు క్రమశిక్షణ చూసే తురైసింగం గారు వెనకనుంచి వచ్చి నిలబడ్డారు. డ్రైవు పని చేస్తోందని తెలిపే ఎర్రదీపం వెలుగుతుండగానే డిస్కును లాగేశారు. బల్ల మీద గ్రాఫు కాగితం కనిపించింది. దాని మీద నాలుగు రంగుల సిరాలు, నాలుగు చేతిరాతలు. మూడేళ్లుగా వారి నోటుపుస్తకాలు దిద్దుతున్న మనిషికి ఆ చేతులు ఎవరివో పోల్చుకోవడానికి రెండు క్షణాలు పట్టలేదు.

“ఇంకెవరున్నారు నీతో?”

“ఎవరూ లేరు సార్. నేనొక్కణ్ణే.”

ఆ జవాబు ఆయనకు సుఖంగా తోచింది. షహరుద్దీన్ తండ్రి పాఠశాల పాలకమండలి అధ్యక్షుడు. సర్వన్ తండ్రి పోలీసు శాఖలో పెద్ద ఉద్యోగి. నథానియెల్‌కు అప్పటికే చివరి హెచ్చరిక ఇచ్చారు, మరొక తప్పు జరిగితే పేరు కొట్టివేయాలి, తల్లి వచ్చి ఆఫీసులో ఏడుస్తూ కూర్చుంటుంది. వాయ్ కియోంగ్ తండ్రి పాఠశాల గేటు ముందు నూడుల్స్ బండి నడిపేవాడు. తురైసింగం గారు బెత్తం తీసి ఆరు దెబ్బలు కొట్టారు. కొట్టి, “ఈ సంగతి ఈ గది దాటి బయటికి వచ్చిందంటే నలుగురినీ పిలుస్తాను” అన్నారు.

నలుగురు అన్న మాట తన నోటినుంచి వచ్చిందని ఆయనకు అన్న తరువాత తెలిసింది. కుర్రవాడు తలెత్తి ఒకసారి ఆయన కళ్లలోకి చూశాడు.

“రాదు సార్” అన్నాడు.

డిస్కును పాఠాల డిస్కుల పెట్టెలో పడేసి ఇనుప బీరువాకు తాళం వేశారు. పటాన్ని ఇంటికి తీసుకుపోయారు. ఆ సాయంత్రం స్నేహితులు ముగ్గురూ వాయ్ కియోంగ్‌ను డిస్కు ఏదని అడిగారు. పోయింది అన్నాడు. ఎలా పోయిందంటే తెలియదన్నాడు. అంతకుమించి ఒక్క మాట అతడి నోట రాలేదు. ఆటలో తాళాలు తీసే దొంగ పాత్ర అతడిదే కావడంతో, ఆ నాటినుంచి స్నేహితుల నోట అదే అతడి పేరైంది. మొదట్లో అది కోపం. ముప్పై ఏడేళ్లలో అరిగి అరిగి హాస్యమైంది, ఒక్క నథానియెల్ విషయంలో తప్ప.

రెండు వారాల క్రితం ఆ గదిని చిన్న ప్రదర్శనశాలగా మార్చే పనిలో ఇనుప బీరువా తెరిచారు. పాఠాల డిస్కుల నడుమ ఆట డిస్కు దొరికింది. షహరుద్దీన్ ఆ రోజే తురైసింగం గారికి ఫోన్ చేసి, నవ్వుతూ, “చూశారా సార్, మా దొంగ ఎక్కడ దాచాడో! మేం తనకన్నా ముందు గెలిచేస్తామోనని భయపడ్డాడు!” అన్నాడు. తురైసింగం గారు అవునని అనలేదు, కాదని అనలేదు. ఫోన్ పెట్టేసి, పాత పెట్టె అడుగునుంచి గోధుమరంగు కవరు తీశారు. ఆ రెండు వారాలూ రోజుకు ఒకసారైనా ఆ పటాన్ని బల్ల మీద పరిచి చూశారు.

అందువల్ల ఇవాళ ఒళ్లోని ఫైలు ఆయన మోకాళ్లకు బరువుగా ఉంది.

షహరుద్దీన్ లేచి అధ్యక్షోపన్యాసం మొదలుపెట్టాడు. కాగితం చూసి చదవడం అతడికి చేతకాదు. మనసులో ఉన్నదంతా చేతులు ఊపుతూ చెబుతాడు.

“సార్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? బెత్తం అంటే సార్, సార్ అంటే బెత్తం. నాకూ పడ్డాయి, ఈ సర్వన్‌కీ పడ్డాయి. కానీ ఒక్క మాట చెప్తాను. ఆఫీసర్ కొడుకా, నూడుల్స్ బండివాడి కొడుకా అని ఆ బెత్తం ఎప్పుడూ చూళ్లేదు. అది నేను ఇవాళ్టికీ నా ఆఫీసులో కుర్రాళ్లకి చెప్తాను.”

సర్వన్ చప్పట్లు కొట్టాడు. జోసెఫీన్ కొట్టింది. నేలమీద కూర్చున్న వాయ్ కియోంగ్ కూడా, చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పెట్టి మరీ, కొట్టాడు. తురైసింగం గారు తల వంచారు. చూసేవారికి అది వినయంగా కనిపించి ఉంటుంది.

ఇదే సమయం, ఇప్పుడే లేచి చెప్పేయాలి అనుకున్నారు. ఈలోగా షహరుద్దీన్ ఇత్తడి జ్ఞాపికను చేతుల్లో పెట్టాడు. దాని మీద చెక్కిన అక్షరాలలో ‘నిష్పక్షపాతి’ అన్న మాట ఉంది. లేవబోయినవారు దాన్ని ఫైలు మీద పెట్టుకొని అలాగే కూర్చున్నారు.

“ఇప్పుడు అసలు కార్యక్రమం” అన్నాడు సర్వన్. “సార్, అప్పట్లో అసెంబ్లీలో మీరన్న మాట నాకు ఇంకా గుర్తుంది. ఈ ఆటలు మెదడుకు చెదలు అన్నారు. ఇవాళ ఆ చెదలు మీకూ పట్టాలి. మొదటి ఆట మీదే.”

“నాకు ఇవేవీ చేతకావు సర్వన్.”

“మాకు లెక్కలు చేతనయ్యే మీ క్లాసుకు వచ్చామా సార్?”

అందరూ నవ్వారు. ఆయన కుర్చీని యంత్రం ముందుకు జరిపారు. వాయ్ కియోంగ్ మోకాళ్ల మీద వచ్చి డిస్కు పెట్టి, మీట నొక్కాడు. డ్రైవు గరగరమంటూ తిరిగింది. ఆ ఎర్రదీపాన్ని చూడగానే తురైసింగం గారి వేళ్లు తమంతట తాము ముడుచుకున్నాయి.

తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. సత్రంలో ఉన్నవారు: ఎవరూ లేరు. నేలమాళిగలో ఉండిపోయినవారు: నలుగురు. హరిమావ్, యోధుడు. షేరా, యోధుడు. జోసీ, వైద్యురాలు. తికూస్, దొంగ.

“హరిమావ్ నేనే!” అన్నాడు షహరుద్దీన్, జిల్లా అధికారినన్న సంగతి మరిచి. “పులి! ఉన్నాడ్రా, ఇంకా ఉన్నాడ్రా!”

“షేరా నావాడు. తికూస్ అంటే చెప్పక్కర్లేదు. ఎలుక పేరు ఎలుకే పెట్టుకుంటుంది” అన్నాడు సర్వన్.

జోసెఫీన్ వెనక వరుసలోంచి లేచి వచ్చి తెరకు దగ్గరగా వంగింది. “ఈ జోసీ?”

“నథాన్ది” అన్నాడు వాయ్ కియోంగ్ మెల్లగా. “అప్పుడు మీరు కాన్వెంటు బస్సులో వెళ్లేవారు. మీ పేరు కనుక్కోడానికి వాడికి రెండు నెలలు పట్టింది.”

ఆమె చాలాసేపు ఆ పేరునే చూస్తూ నిలబడింది. “నాకెప్పుడూ చెప్పలేదు” అంది. “ఆటంటే పిచ్చని చెప్పాడు. అందులో నేనున్నానని చెప్పలేదు. సార్, వీళ్లని బయటికి తీసుకురండి. దీనికోసమే వచ్చాననుకోండి.”

తురైసింగం గారు మొదట తనకంటూ ఒక యోధుణ్ణి తయారు చేశారు. అంగడిలో మంచి ఖడ్గం కొన్నారు. మెట్లు దిగి మూడడుగులు వేశారో లేదో ఒక ఎముకల గూడు ఎదురై, ఒక్క దెబ్బకు యోధుణ్ణి నేలకూల్చింది. తెర మీద చిన్న సమాధిరాయి వెలిసింది.

“ఖడ్గం కొన్నాను కదా!” అన్నారాయన నిజమైన ఆశ్చర్యంతో.

“కొన్నారు సార్. వాడి చేతికివ్వలేదు” అన్నాడు వాయ్ కియోంగ్. “సంచిలోనే ఉంది. కొన్నాక, పట్టుకోమని విడిగా చెప్పాలి.”

“పెన్ను తెచ్చుకుని జేబులోనే ఉంచుకుంటే పరీక్ష ఎవడు రాస్తాడని ఎవరో అనేవారు” అంటూ సర్వన్ పైకప్పు వైపు చూశాడు. ఆ మాట తురైసింగం గారిదే. ఆయన కూడా నవ్వక తప్పలేదు. ఒక్క నిమిషంపాటు ఒళ్లోని ఫైలు గుర్తు రాలేదు.

వాయ్ కియోంగ్ చెప్పినట్లుగా రెండోసారి నలుగురితో జట్టు కట్టారు. అందరి చేతికీ ఆయుధాలు ఇచ్చారు. సర్వన్ ఆయన ముందు తెల్లని గ్రాఫు కాగితం, పెన్సిలు పెట్టాడు. “గీసుకుంటూ వెళ్లాలి సార్. లేకపోతే తప్పిపోతారు. ఆ కింద చీకటి గదులుంటాయి, మనల్ని గిర్రున తిప్పేసే గడులుంటాయి. మా మ్యాపు ఎలాగూ లేదు, అదీ డిస్కుతోనే పోయింది.”

జట్టు మెట్లు దిగింది. ఏడడుగులు ముందుకు. కుడికి తిరిగి అయిదు. అక్కడ దారి రెండుగా చీలింది. ఎడమ దారి వెడల్పుగా, వెలుతురుగా ఉంది. తురైసింగం గారి వేళ్లు ఆగలేదు, కుడివైపు ఇరుకు దారిలోకి తిప్పాయి. రెండు వారాలుగా రోజూ చూస్తున్న పటం కళ్లముందు పరిచినట్లు ఉంది. చీకటి గదిలో తొమ్మిది అడుగులు నిటారుగా, మధ్యలో ఉన్న తిప్పుడు గడిని తప్పించి, మూల దగ్గర ఎడమకు. ఆడుతున్నకొద్దీ ఆయనలో ఒక చురుకుదనం పుట్టింది. ఇది చెడ్డ ఆట కాదు. పిల్లలు కొలతలతో, దిక్కులతో, ఓర్పుతో ఆడిన ఆట. తాను ఇరవై ఏళ్లు నల్లబల్ల మీద నేర్పబోయినదాన్ని వీళ్లు ఈ చీకట్లో తమంతట తామే నేర్చుకున్నారు. ఆ ఆలోచన కూడా సిగ్గునే తెచ్చింది. వేళ్లు మాత్రం ఆగలేదు.

దారి ముగిసింది. ఎదురుగా గోడ. తురైసింగం గారు వెనక్కి తిరగలేదు. గోడను తన్నమని ఆజ్ఞ ఇచ్చారు. గోడలో రహస్యపు తలుపు తెరుచుకుంది.

షహరుద్దీన్ కేక పెట్టాడు. సర్వన్ మాత్రం కాఫీ కప్పు కింద పెట్టాడు. ముప్పై ఏళ్లుగా సాక్షులను ప్రశ్నించిన గొంతు అది, మెత్తగా ఉంటుంది.

“సార్, ఆ గోడలో తలుపుందని మీకెలా తెలిసింది?”

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. తురైసింగం గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. “జ్యామితి, సర్వన్. చుట్టూ నడిచి వచ్చాం. నడుమ ఖాళీ మిగిలింది. ఖాళీ మిగిలిందంటే గది ఉండాలి, గది ఉంటే తలుపు ఉండాలి.”

“అద్దీ సార్ అంటే!” అని షహరుద్దీన్ మళ్లీ చప్పట్లు కొట్టాడు. “ఎనభై నాలుగేళ్లకి ఈ బుర్ర!”

సర్వన్ బల్ల మీది కాగితాన్ని వేలితో తట్టాడు. “కానీ సార్, మీరు ఇంకా ఒక్క గీత కూడా గీయలేదు.”

తెల్లని గ్రాఫు కాగితం, దానిమీద ములుకు అరగని పెన్సిలు. తురైసింగం గారికి ముఖం వేడెక్కింది.

“నేనే చెప్పాన్రా” అన్న మాట నేలమీద నుంచి వచ్చింది. వాయ్ కియోంగ్ వైర్ల చుట్ట విప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు. “మొన్న సార్‌కి ఫోన్ చేసి దారి చెప్పాను. అందరి ముందూ సార్ ఇబ్బంది పడకూడదని. అది కూడా కోర్టులో పెడతావా ఏంటి?”

షహరుద్దీన్ ముందు నవ్వాడు. తరువాత ఆ నవ్వు ఎక్కడో తట్టుకుని ఆగింది. “ఆగాగు. అడుగు అడుగూ, గోడ గోడా, దారంతా నీకు గుర్తుందా? ముప్పై ఏడేళ్ల తర్వాత?”

“కొంచెం గుర్తుంది.”

“డిస్కెక్కడ పెట్టావో గుర్తులేదు. దారి మాత్రం గుర్తుంది” అన్నాడు సర్వన్. ఆ మాటలో హాస్యం లేదు. “నిజం చెప్పరా. ఇప్పుడెవరూ నిన్ను తన్నరు. మ్యాపు నీ దగ్గరే ఉంది కదూ? ఇన్నేళ్లూ నీ దగ్గరే ఉంది.”



జోసెఫీన్ కుర్చీలో కూర్చుంది. ఆమె గొంతు పెద్దది కాదు. “నథాన్ మా పెళ్లికి మీ అందరినీ పిలిచాడు. వాయ్ కియోంగ్‌ని పిలవలేదు. ఎందుకని నేను అడిగితే, డిస్కు పోతే పోయింది, మొహం మీద అబద్ధం చెప్పాడు, అది మరిచిపోలేను అన్నాడు. నథాన్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇతను చూడ్డానికొచ్చాడు. నిద్రపోతున్నాడని చెప్పి నేనే పంపించేశాను. నథాన్ నిద్రపోవడం లేదు. నన్ను అలా చెప్పమన్నాడు.” ఆమె వాయ్ కియోంగ్ వైపు తిరిగింది. “దానికి ఆరేళ్లుగా నేను బాధపడుతున్నాను. పడక్కర్లేదన్నమాట.”

వాయ్ కియోంగ్ వైర్ల చుట్టను తిరిగి చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టినదాన్నే మళ్లీ చుడుతున్నాడు.

తురైసింగం గారు లేచి నిలబడ్డారు. జీవితంలో ఏ విషయమూ కూర్చొని చెప్పినవారు కాదు. బల్ల అంచు పట్టుకున్నారు. ఫైలు తెరిచి, కవరులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, తెల్ల గ్రాఫు కాగితం మీద పరిచారు.

“పటం నా దగ్గర ఉంది” అన్నారు. “అతడు నాకు ఫోన్ చేయలేదు.”

తొలుత ముందుకు వంగింది షహరుద్దీన్. నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా సిరాల్లో గడి గడిగా గీసిన నేలమాళిగ. మూలన తన పదహారేళ్ల చేతిరాతతో ‘ఇక్కడ సాలీడు, జాగ్రత్త’ అన్న మాట. పక్కన నథానియెల్ రాత, కుడివైపుకు ఒరిగి.

“ఆ శుక్రవారం డిస్కు లాగినవాణ్ణి నేను. బీరువాలో పెట్టినవాణ్ణి నేను. అతణ్ణి ఆరు దెబ్బలు కొట్టాను. ఇంకెవరని అడిగితే తానొక్కడినే అన్నాడు. అతడు చెప్పవలసిన అవసరమే లేదు. ఈ నాలుగు చేతిరాతలూ నాకు తెలుసు. షహరుద్దీన్, మీ నాన్నగారి ముందుకు నిన్ను తీసుకువెళ్లే ధైర్యం నాకు లేకపోయింది. నీ విషయమూ అంతే, సర్వన్. వాయ్ కియోంగ్ తండ్రి బండి దగ్గర నిలబడి నాకు జవాబు చెప్పవలసిన పని లేదు. అందుకని అతణ్ణి కొట్టాను. బయటికి చెబితే మీ ముగ్గురినీ పట్టుకుంటానని మాట తీసుకున్నాను. ఆ మాటను అతడు ఈ పూట వరకు నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు, రెండు నిమిషాల క్రితం, నా అబద్ధాన్ని కూడా తన మీద వేసుకున్నాడు.” ఊపిరి తీసుకోవడానికి ఆగారు. “జ్యామితి అన్నది అబద్ధం.”

ఇత్తడి జ్ఞాపికను తీసి, అక్షరాలు కిందికి ఉండేలా బల్ల మీద బోర్లించారు.

షహరుద్దీన్ ముఖం చూడవలసినది కాదు. అతడు ఏదో అనబోయి, తన ఉపన్యాసం గుర్తుకువచ్చినట్లుంది, నోరు మూసుకున్నాడు. సర్వన్ కుర్చీలోంచి దిగి, వాయ్ కియోంగ్ పక్కన, నేలమీద కూర్చున్నాడు.

“ఒక్కసారైనా చెప్పొచ్చు కదరా” అన్నాడు. “చదువులయిపోయాక చెప్పొచ్చు కదా. ఉద్యోగాలొచ్చాక.”

“చెప్పనని సార్‌తో అన్నాను కదా” అన్నాడు వాయ్ కియోంగ్. “చదువయ్యేదాకా అని సార్ అనలేదు.”

జోసెఫీన్ తురైసింగం గారినే చూస్తోంది. “సార్, ఈ మాట మీరు ఆరేళ్ల కిందట చెప్పి ఉంటే నథాన్ కళ్లు తెరిచేవాడు. ఇప్పుడు నేనిది ఎవరికి చెప్పాలి?”

తురైసింగం గారు తల వంచి నిలబడ్డారు. ఈసారి దాన్ని ఎవరూ వినయం అనుకోలేదు.

వాయ్ కియోంగ్ లేచి బల్ల దగ్గరకు వచ్చాడు. పటాన్ని రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టాడు. కుడివైపు పై మూలన ఎర్రసిరాతో ఒక వలయం ఉంది. వలయంలో పదికి తొమ్మిది. దాని కింద పొడి అక్షరాల సంతకం, తేదీ, జూలై పదమూడు.

“దిద్దారా?” అన్నాడు నమ్మలేనట్లు.

“ఆదివారం దిద్దాను. ప్రతి గోడా సరిచూశాను. అంత శుద్ధమైన పటం ఆ ఏడు నా తరగతిలో ఎవరూ గీయలేదు. చూసి ఊరుకోలేకపోయాను. తిరిగి ఇవ్వాలని ఉండేది. ఇస్తే తీసుకున్నానని ఒప్పుకున్నట్లవుతుందని ఇవ్వలేదు.”

వాయ్ కియోంగ్ పటాన్ని ఇంకాసేపు చూశాడు. “సార్, అంత బాగుంటే ఒక మార్కు ఎందుకు కోశారు?”

“స్కేలు రాయలేదు” అన్నారు తురైసింగం గారు, ఆలోచించకుండానే.

సర్వన్ ముందు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో విరిగింది. కళ్లు తుడుచుకున్నాడు. జోసెఫీన్ నవ్వలేదు గానీ, తన సంచిలోంచి కొబ్బరి మిఠాయిల డబ్బా తీసి, మూత తెరిచి, వాయ్ కియోంగ్ చేతికి ముందుగా ఇచ్చింది. ఉదయం నుంచి ఆ డబ్బా మూత తీయలేదు.

“సార్ కుర్చీలో కూర్చోరా” అన్నాడు షహరుద్దీన్, గొంతు సవరించుకుంటూ. “నువ్వాడు.”

“అక్కడ కూర్చుంటే ప్లగ్గు నాకందదు. వదులుగా ఉంది, పట్టుకోవాలి. సార్‌నే ఆడనీ. ఒక్క గది కదా మిగిలింది.”

తురైసింగం గారు కూర్చున్నారు. వాయ్ కియోంగ్ ఒక చేత్తో ప్లగ్గు పట్టుకొని, మరో చేత్తో పటాన్ని మోకాలి మీద పరుచుకొని, అడుగులు చెప్పాడు. మూడు ముందుకు. ఎడమకు. రెండు. ఆయన చెప్పినట్లే నడిచారు, చెప్పకముందు ఒక్క అడుగు కూడా వేయలేదు. చివరి గడిలో తెర ఒక్క క్షణం ఖాళీ అయి, నాలుగు పేర్లు వరుసగా వెలిగాయి. హరిమావ్, షేరా, జోసీ, తికూస్. అందరూ ప్రాణాలతో ఉన్నారు. ఎర్రదీపం వెలిగి, తనంతట తాను ఆరిపోయేదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు.

తరువాత తురైసింగం గారు సంఘం నిర్ణయాల పుస్తకం తెమ్మన్నారు. తనకు జరగవలసిన సన్మానపు తీర్మానం కోసం సర్వన్ అందులో ఒక పేజీ ముందే ఖాళీగా విడిచి ఉంచాడు. దానిలో సర్వన్ చేత రాయించకుండా, తన చేత్తోనే, ఎర్రసిరా వాడకుండా, ఈ కిందివిధంగా రాసి, అందరికీ చదివి వినిపించి, సంతకం చేశారు:

“పందొమ్మిది వందల ఎనభై ఆరు జూలై పదకొండవ తేదీన, ముగ్గురు సహవిద్యార్థుల పేర్లు చెప్పక, వారికి రావలసిన శిక్షను తానొక్కడే అనుభవించి, ఇచ్చిన మాటకు కట్టుబడి ముప్పై ఏడు సంవత్సరాలు నిందను భరించి, నేటి ఉదయం సైతం ఆ మాటను తప్పని శ్రీ ఫూంగ్ వాయ్ కియోంగ్ చేసిన పనిని ఈ సభ గుర్తించి, గౌరవించి, నమోదు చేయుచున్నది. ఆ పని అతడు చేయవలసి వచ్చినది కింద సంతకం చేసిన నా వల్లనే. పటానికి తగ్గించిన ఒక్క మార్కును కూడా ఇందుమూలముగా కలపడమైనది. — క. తురైసింగం.”